బుల్లెమ్మ టీచర్ శనివారాలు

గా పెట్టెనా? గది అమ్మేది కాదు రోజా, రిపేరుకొచ్చింది. చెయ్యి పెట్టకు, తిత్తికి బంక పూసిన, ఇంకా ఆరలె. ఏంది ఇయ్యాల గీడ కూసున్నవ్, లైబ్రరీల సీటు దొర్కలేదా? మీ అశోక్‌నగర్ హాస్టళ్లోళ్లు పొద్దుగాలనే బుక్కులు పెట్టి సీట్లు ఆపుకుంటరట గదా. పరీక్ష రాసేది మీరా, మీ బుక్కులా? సరె, కూసో, చాయ్ చెప్పిన. గది బుల్లెమ్మ టీచర్ హార్మోనియం. నీకెట్ల తెలుస్తది, నువ్వు మొన్నొచ్చినవ్. గా ఎదురుంగ మందుల దుకాణం ఉన్నది సూడు, దాని మీదింట్ల కిరాయికి ఉంటుండె. గోదావరి దిక్కు మనిషి. నారాయణగూడల ఆడపిల్లల బడిల ముప్పై ఏండ్లు సంగీతం చెప్పి రిటైరైంది. పెండ్లి చేస్కోలె. మనిషి ఇంతే ఉంటుండె, గొంతు మాత్రం గల్లీ చివర్దాక. పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టి, "రామచంద్రం గారూ, మధ్యమం ఏడుస్తోందండీ, కాస్త చూద్దురూ" అంటుండె. నేను ఎన్నడన్న "రేపు రా" అంటే, రేపటిదాక గీ స్టూలు మీదనే కూసునేటట్టు సూస్తుండె. మొండి అంటే మొండి.

ఎక్కడున్న? ఆఁ. రెండువేల తొమ్మిదిల అనుకుంట, ఆమె ఇంటి పక్కన అపార్ట్‌మెంట్ లేస్తుండె. పాలమూరోళ్లు పని చేస్తుండ్రి. మాసమ్మ అని ఒకామె, మొగుడు దాసయ్య. మాసమ్మ ఇసుక తట్ట మోసుకుంట పాడుతుండె. ఇగ ఈమె ఆగుతదా? చెప్పుల్లేకుంట కిందికొచ్చింది. "ఏమ్మా, ఆ పాట మళ్ళీ పాడవూ?" మాసమ్మ భయపడ్డది, "మేస్త్రి తిడ్తడమ్మా" అని. మల్ల జర ధైర్యం జేసి అన్నదట, "నాదేం పాటమ్మా, మా అత్త కురుమమ్మ పాడ్తే ఇనాలె. మా బిడ్డ స్వర్ణ గుడ ఆమె కాన్నే ఉంటది, దానికీ వస్తయి." అంతే. ఆ శనివారం ఈమె ఇమ్లీబన్ బస్టాండ్ల బస్సెక్కింది, కల్వకుర్తి అవతల ఆళ్ల పల్లెకు. వచ్చినంక సీదా నా దుకాణంకొచ్చింది. "అక్కడ బళ్ళో డెబ్భై మంది పిల్లలండీ. సగం మంది తల్లిదండ్రులు ఇక్కడ మట్టి మోస్తున్నారు. పాట చెప్పేవాళ్ళు లేరు. నేను ప్రతి శనివారం వెళ్తాను. మీరు పెట్టె వాయించాలి." నేనన్న, అమ్మా నాకు మోకాళ్ల నొప్పులు, దుకాణం ఎవలు సూడాలె? "శనివారం మీ దుకాణానికి ఎవరొస్తారండీ, ఈగలు తప్ప" అన్నది. ఏం మనిషి అది! పోయిన. ఇగ పోతనే ఉన్న.

మొదలు మొదలు నవ్వులాటనే. ఈమె సరిగమలు అంటే పిల్లలు అరుస్తుండ్రి. వీళ్ల గొంతులన్ని మీదికుంటయి, ఈమె శ్రుతేమో కిందికి. పిల్లల్ని కిందికి గుంజుతుండె, ఆళ్ల నోట్లకెల్లి గాలి తప్ప పాట రాకపోతుండె. కురుమమ్మ ప్రతి శనివారం వచ్చి బడి గడప కాడ కూసుని తంబాకు నముల్కుంట సూస్తుండె. ఒకనాడు లేసి, "పంతులమ్మా, పిల్లలు మీద నిలబడ్డరు, నువ్వు కిందకెల్లి పిలుస్తున్నవ్. నువ్వే మీదికి రారాదు?" అన్నది. ఈమె నన్ను సూసి, "శ్రుతి మార్చండి రామచంద్రం గారూ" అన్నది. ముప్పై ఏండ్లు ఒక్క శ్రుతిల పాడిన మనిషి! గొంతు పోయేటట్టు దగ్గింది గని పాడింది. అప్పటికెల్లి ఇద్దరికి దోస్తీ జమైంది. కాకపోతే ఒక్కటి. ఈమె ఏ పాట పాడినా చరణం చివర ఒక చిన్న వంపు ఇస్తుండె, జారి మల్ల లేసినట్టు. అది ఆమె అలవాటు. కురుమమ్మకు కోపం. "మా పాటకు గా వంకరేందమ్మా, సక్కగ పాడరాదా?" ఈమె నవ్వుతుండె గని మానకపోతుండె.

ఇగ సూడు, తప్పు ఎక్కడ జరిగిందో. ఒక శనివారం బస్సు దిగి నడుస్తున్నం. దూరంగ ఒక గోడ అవతల ఆడోళ్ల పాట. నెమ్మదిగ, ఎంత సల్లగ ఉండెనో. మాటలు వినొస్తలెవ్, రాగమే. ఈమె ఎండల నిలబడి, చేతిసంచిల కెల్లి నోట్‌బుక్ తీసి స్వరాలు రాసుకున్నది. "జోలపాటండీ" అన్నది. నేనూ అవునన్న. నేనేం ఎర్కున్నోన్నా, సిటీల పుట్టినోన్ని! వచ్చే వారం పిల్లలకు ఆ స్వరాలు చెప్పింది, మాటల్లేకుంట. పిల్లలకూ తెల్వది, ఎందుకంటే సావు జరిగిన ఇంటికి అక్కడ పిల్లల్ని పోనియ్యరు. అది జోల కాదు బిడ్డా. పీనుగు లేసే ముందు పెద్దలు ఎత్తుకునే పాట. పీనుగు లేని ఇంట్ల దాని రాగం గుడ తియ్యరు.

అదే వారం దాసయ్య సెంట్రింగ్ మీదికెల్లి పడ్డడు. కాలికి పట్టీ కట్టి ఊరికి తోలిచ్చిండ్రు, జరం గుడ ఉండె. స్వర్ణ పదకొండేండ్లది, మంచి గొంతు. నాయిన మంచం పట్టె కాడ కూసుని, ఆయన నిద్రపోవాలని, టీచర్ చెప్పిన పాట తీసింది. ముద్దుగనే తీసింది పాపం. పొయ్యికాడ కురుమమ్మ విన్నది. కన్న కొడుకు మంచం మీద! ఆమె పానం ఎట్లయి ఉంటది చెప్పు. పిల్ల నోరు మూసి, గడప మీద నీళ్లు సల్లి, లబోదిబోమన్నదట. వచ్చే శనివారం మేం పొయ్యేసరికి బడిల ఒక్క పిల్ల లేదు. తలుపులు ఏస్కున్నరు. సారు శ్రీరామమూర్తి అని ఉండె, మంచోడే, "ఇగ రాకుండ్రి టీచర్, ఊరు ఒప్పుతలేదు" అని తల వంచుకున్నడు.

నేను పోదాం పా అన్న. ఈమె వినలె. సీదా కురుమమ్మ ఇంటికి పోయింది. వాకిట్ల మట్టిల కూసున్నది, ఇస్త్రీ చీరతోని. లోపల దాసయ్య మూలుగుతుండు. నోట్‌బుక్ల ఆ కాయితం చింపి ముంగట పెట్టింది. ఆమె ఏడ్సుడు నేను అప్పుడే సూసిన. "నాకు తెలీదు కురుమమ్మ గారూ. ముప్పై ఏళ్ళు పాటలు చెప్పాను. అడగాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. నన్ను రావొద్దనండి, వెళ్ళిపోతాను. పిల్లల పాట మాత్రం ఆపకండి." నా కండ్లల్లకూ నీళ్లొచ్చినయి. నేనూ వాయించిన గదా ఆ రాగం. కురుమమ్మ చానాసేపటికి బైటికొచ్చింది. గీ మాట నేను సచ్చేదాక మర్వ. "కాయితం చింపితే పాట పోతదా పంతులమ్మా? నీకు రాగం ఎర్క. గడియ ఎర్కలేదు. గది నాకు ఎర్క." చెయ్యి అందిచ్చి, "లే. మట్టిల కూసోకు. దాసిగానికి తగ్గినంక రా. నువ్వు చెప్పు, నేను పక్కన కూసుంట. ఏది ఎప్పుడు తియ్యాల్నో నేను చెప్త."

దాసయ్యకు తగ్గింది. దసరా కల్ల కట్టె పట్టుకుని నడిచిండు. నడిచిన నాడు కురుమమ్మనే కబురు పంపింది. ఇగ అప్పట్నుంచి ఇద్దరు టీచర్లు. నాట్ల పాట ఈమె చెప్తే ఆమె అడుగులు చెప్తుండె. ఒక ఏడాది రెండు ట్రాక్టర్ ట్రాలీలు కలిపి స్టేజీ కట్టి ఆటా పాటా పెట్టిండ్రు, ఊరంత వచ్చింది. సమ్మెల బస్సులు బంద్ అయినప్పుడు గుడ ఆగలె, చింతపండు లారీల పోయినం. డ్రైవర్ తోని పాడిచ్చిందామె, వాడు బ్రేకు మర్చిపోతడేమోనని నాకు భయం.

రెండువేల పన్నెండుల టీచర్ పానం పోయింది. పొద్దున పాలోడు సూసిండు. ఈడ ఎవలున్నరు ఆమెకు? దండలు తెచ్చిండ్రు, సంగీతపోళ్లు నలుగురు వచ్చిండ్రు, మెల్లగ మాట్లాడుకుంట గడియారాలు సూస్కుంట నిలబడ్డరు. ఏడ్సేటోళ్లు లేరు. నేను మాసమ్మకు ఫోన్ చేసిన. జర ఆపుండ్రి, జర ఆపుండ్రి అని ఈడున్నోళ్లను బతిమాలిన. పగటీలి ఎండల ఆ ఊరికెల్లి డీసీఎం వ్యాను వచ్చి గల్లీ మొగదల ఆగింది. ముప్పై మంది దిగిండ్రు. కట్టె పట్టుకుని దాసయ్య, పిల్లలు, అందరికంటె ముంగట కురుమమ్మ. నేను పెట్టె తెచ్చిన. కురుమమ్మ వద్దన్నది చెయ్యితోని. పిల్లల్ని దూరం నిలబెట్టి, స్వర్ణను ఒక్కదాన్నే పక్కకు పిల్చుకున్నది. "ఇప్పుడు, బిడ్డా. గిదే గడియ" అన్నది.

ఎత్తుకున్నది. అదే పాట. గల్లీల ఆటోలు ఆగినయి. చరణం చివరికొచ్చింది. కురుమమ్మ, మా పాటకు వంకరేందని మూడేండ్లు కొట్లాడిన కురుమమ్మ, ఆడ ఆగి, జారి మల్ల లేసింది. ఆ వంపు. బుల్లెమ్మ టీచర్ వంపు. ఉన్నదున్నట్టు.

...

చాయ్ సల్లారింది తాగు. స్వర్ణ రేపు శనివారం పెట్టె తీస్కపోతనన్నది, బడి కాడ పిల్లలు పాటకు ఎదురుసూస్తుంటరు. జర గా ఫ్యాను ఇటు తిప్పు బిడ్డా, బంక ఆరాలె.