అప్పయమ్మ బల్ల మీద కిటికీ పలక

అబద్ధం ఆడ్డం తేలికే. దాన్ని రోజూ మేపడమే కష్టం. నూకరాజు ఒకదాన్ని ఆరు రోజుల్నుంచి మేపుతున్నాడు, మేపలేక ఒళ్ళు హూనమైపోయింది.

బిలాస్‌పూర్ పక్కన సిర్గిట్టిలో పౌడర్ కోటింగ్ షెడ్డుకి ఎదురుగా అప్పయమ్మ టీ బడ్డీ. సాయంత్రం డ్యూటీలు దిగిన తెలుగువాళ్ళు అక్కడ చేరతారు. జూన్ నెలాఖరు శనివారం, మబ్బు పట్టింది గానీ చినుకు లేదు, ఉక్కకి చొక్కాలు వీపులకి అంటుకుపోతున్నాయి. రెండు నూనె డబ్బాల మీద అడ్డంగా వేసిన అల్యూమినియం పలక, దాని మీద టీ గ్లాసులు, చుట్టూ జనం. ఇవాళ ముగ్గురే ఉన్నారు. రైల్వేలో పాయింట్స్‌మన్ పోలయ్య, గూడ్స్ ఆఫీసు గుమాస్తా గిరిబాబు, వాళ్ళిద్దరి మధ్యన క్యారేజి షెడ్డు పెయింటర్ సూర్యం.

సూర్యం ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ముప్పై నాలుగేళ్ళు బోగీలకి రంగులేసి, వ్యాగన్ల మీద నెంబర్లు రాసి, ఆఖరికి తిఫ్రా వేపు మూడు గదుల ఇల్లు కట్టుకున్నాడు. గురువారం గృహప్రవేశం. అది దాటితే ఆషాఢం, మళ్ళీ శ్రావణం దాకా ముహూర్తాల్లేవు. ఇల్లంతా అయింది, కిటికీల కింద వేసే పలకలు తప్ప. ఆరు కిటికీలకీ ఆరు అల్యూమినియం పలకలు కోయించి, కోటింగు వేసిమ్మని మూడు వారాల కిందట నూకరాజు చేతిలో పెట్టాడు. అవి లేకపోతే వాన నీళ్ళు గోడల్లోకి దిగిపోతాయని అతని భార్య అచ్చియమ్మ రోజూ పోరు. "కన్నాల కొంపలో నాను పాలు పొంగించను" అని తేల్చి చెప్పేసింది.

ఆ ఆరింట్లో ఒకటి, వంటింటి కిటికీది, ఇప్పుడు సూర్యం టీ గ్లాసు కిందే ఉంది. ఆ సంగతి నూకరాజుకి ఒక్కడికే తెలుసు.

ఎలా వచ్చిందంటారా? బిలాస్‌పూర్లో అప్పటికి పౌడర్ కోటింగంటే చాలామందికి తెలీని మాట. బ్రష్షు లేదు, డబ్బా లేదు, తుపాకీ లాంటి గన్నుతో రంగుపొడి చల్లితే ఇనుముకి ఈగల్లా పట్టేస్తుంది, భట్టీలో పెడితే కరిగి గట్టిపడిపోతుంది. ఆ గన్ను పట్టేవాడంటే షెడ్డులో దొర కింద లెక్క. నూకరాజు దొర కాదు. కడిగేవాడు. రేకుల మీద నూనె మరకలు పోయేదాకా మందు టాంకుల్లో ముంచి తీసి తొమ్మిదేళ్ళు గడిపాడు. చేతులు పండి, పగిలి, గోళ్ళు పసుపచ్చగా అయిపోయాయి. కానీ బయట ఎవరికీ ఆ మాట చెప్పలేదు. డ్యూటీ దిగేముందు చిటికెడు రంగుపొడి చెవుల దగ్గర జుట్టుకి రాసుకుని, చేతులు తువ్వాల్లో దాచుకుని, గన్ను పట్టేవాడిలాగే వచ్చి కూర్చుంటాడు. పోయిన ఆదివారం షెడ్డు మూసున్నప్పుడు తాళం తీసుకుని, మొదటిసారి గన్ను తనే పట్టి సూర్యం పలక మీద కొట్టాడు. భట్టీలోంచి తీసేటప్పటికి బొబ్బలు. షెడ్డులో ఎవరి కంటా పడకూడదని తెల్లారగానే తెచ్చి అప్పయమ్మకి ఇచ్చేశాడు, చిత్తు ముక్కని చెప్పి. తన క్యారేజి షెడ్డు క్యాంటీన్లో తప్ప బయట టీ తాగని సూర్యం ఆ సాయంత్రమే పలకల కోసం అక్కడికొచ్చి కూర్చుంటాడని అనుకున్నాడా పాపం!

"నా పలకలేటయినాయిరా?" అన్నాడు సూర్యం. గొంతులో కోపం లేదు. అదే నూకరాజుకి మరీ కష్టంగా ఉంది.

"అవుతున్నాయి మావా, అవుతున్నాయి. ఏదో చేసీసాననిపించుకోడం నా వల్ల కాదు. గోల్ బజార్లో గుడ్డల సేటు లేడూ, ఆలింటికి పోయిన నెల ఒకటి వేసినాను. చిన్నదే, మూడడుగులు. నున్నగా ఒచ్చింది. ఎంత నున్నగా అంటే ఈగ వాలితే నిలబడనేకపోనాది."

"ఈగ కాళ్ళకి జిగురుంటాది కదేటి?" అన్నాడు పోలయ్య.

"ఉంటే? జారిపోనాది. ఈగ కోసమని బల్లొచ్చింది, బల్లీ జారింది. బల్లి కోసమని పిల్లొచ్చింది, పిల్లి జారి కింద టమాటాల బండిలో పడ్డాది. సాయంత్రానికి ఆ కిటికీ కింద పదకొండు పిల్లులు. సేటు పెళ్ళాం వాటికి పాలు పోసి పోసి అలిసిపోయి పుట్టింటికెళ్ళిపోనాది."

గిరిబాబు నవ్వాడు. సూర్యం నవ్వలేదు. గ్లాసెత్తి ఒక గుక్క తాగి, మళ్ళీ పెట్టబోతూ కిందికి చూశాడు. గ్లాసు తీసినచోట తెల్లగా గుండ్రటి మరక.

"అచ్ఛా, వేడి గ్లాసులు పెడితే మరకలు పడవేటి దాని మీద?" పోలయ్య ఊరికే అడిగాడు.

"మరకా! ఇటు, నా మొహం సూడు పోలయ్యా. నా కోటింగు మీద పొగలు కక్కే గ్లాసు పెడితే గ్లాసే సల్లబడిపోద్ది. సేటు పాలగ్లాసు పెట్టి పేపరు సదువుకుంటన్నాడు, పేజీ తిప్పీలోగా కుల్ఫీ అయిపోనాది. ఆ వీధి పిల్లలందరూ గ్లాసులట్టుకుని వరస. కుల్ఫీలమ్మేవోడు బండి మూసీసి కాశీ ఎల్లిపోనాడు."

"అరే యార్, ఫ్రిజ్ కంపెనీవాళ్ళు రాలేదా మరి?" అన్నాడు గిరిబాబు.

"రాకేటి! కాళ్ళు పట్టుకున్నారు. ఎల్లండెల్లండి, నాకు సూర్యం మావ పలకలున్నాయి, ఖాళీ నేదు అనీసినాను."

అందరి కళ్ళూ తన మొహం మీదకొచ్చాయి. హమ్మయ్య అనుకున్నాడు. కానీ ఎంతసేపు? నోరాగితే సూర్యం కళ్ళు కిందికి దిగుతాయి, కళ్ళు దిగితే బొబ్బలు కనిపిస్తాయి. నాలిక పిడచకట్టుకుపోతోంది. ఇంటికెళ్ళి పడుకోవాలని ఉంది. ఎవరైనా మధ్యలో ఆపేస్తే బాగుణ్ణనీ ఉంది.

"అది సరే గానీ ఒరే తమ్మీ," అని అప్పయమ్మ అందుకుంది, "నాకిచ్చినీ పలకుందే..."

"అప్పా! నాలుగు టీలు, అల్లం దండిగా!" అని అరిచాడు. "ఆ తర్వాత ఏటయిందో తెల్సా? అసలు సంగతి కర్గీ రోడ్‌లో అయింది. అక్కడొక కంట్రాక్టరు మేడ మీద కిటికీకి ఎర్ర కోటింగు వేసినాను. సాయంకాలం ఎండ దాని మీద పడ్డాది. మూడు మైళ్ళ అవతల కట్నీ ప్యాసింజరు డ్రైవరు సూసి, ఎర్ర సిగ్నలనుకుని బండి ఆపీసినాడు. దాని ఎనక గూడ్సు. దాని ఎనక ఇంకో గూడ్సు. దేశంలో బొగ్గు కదల్నేదు. కరెంటు పోయింది. కంట్రోలు ఆఫీసు నుంచి జీపు ఏసుకుని ఒచ్చి, బాబూ నూకరాజూ, నువ్వే దిక్కన్నారు. నానెల్లి ఈ తువ్వాలు, ఇదిగో ఈ తువ్వాలే, దాని మీద కప్పినాను. బళ్ళన్నీ కూతేసుకుంటా ఎల్లిపోనాయి."

"ఎప్పుడది?"

"మొన్న చైత్రంలో."

"చైత్రమంతా నాను కర్గీ రోడ్‌లోనే డ్యూటీ చేసినాను కదరా," అన్నాడు పోలయ్య.

"నువ్వప్పుడు కునుకు తీస్తన్నావు. లేపొద్దన్నాను, అలిసిపోయుంటావని."

పోలయ్య ఓలమ్మా అని నెత్తి కొట్టుకున్నాడు. అప్పయమ్మ నవ్వుతూ టీ వడగడుతోంది. సూర్యం చెయ్యి మాత్రం పలక అంచు మీదకి చేరింది. బొటనవేలు ఎడంపక్క మూల వేపు మెల్లగా జరుగుతోంది. ఆ మూల ఒక గాటుంది. మేస్త్రీ గోడ వంకరగా కట్టేస్తే పలక సరిగ్గా కూర్చోడానికి సూర్యం స్వయంగా రంపంతో కోసిన గాటు. నూకరాజు అది చూశాడు. కిటికీలు సాలవు, రైళ్ళు సాలవు, ఇంకా పైకెత్తాలి వీళ్ళ తలలు.

"మబ్బు సూడండి, మబ్బు!" అని లేచి నిలబడ్డాడు. అందరూ తలలెత్తారు. "పోయినేడు ఇలాంటి మబ్బులోనే గన్ను కొడతంటే పొడి గొట్టంలోంచి తప్పించుకుని మబ్బుకి పట్టీసింది. కరెంటుంటాది కదా ఆ పొడికి, దేన్నైనా అంటుకుంటాది. గోధుమరంగు వాన కురిసింది. సిర్గిట్టిలో గేదెలన్నీ గోధుమరంగైపోనాయి. ఎవుడి గేదె ఏదో తెల్క తన్నుకున్నారు. పొద్దున్నే ఎండకి గట్టిపడిపోనాది కోటింగు. ఇప్పటికీ ఆ గేదెల మీద దోమ వాల్దు."

"మరి పాలు?" అన్నాడు గిరిబాబు కళ్ళు తుడుచుకుంటూ.

"టీ రంగులో ఇస్తన్నాయి. పొడెయ్యక్కర్నేదు."

"నా కొంప ముంచీసేవు," అంది అప్పయమ్మ.

"అదంతా కాదు. ఆ వాన ఎలిసినాక ఇంద్రధనుస్సొచ్చింది. ఎంత పాడైపోయిందో! రంగులన్నీ ఎలిసిపోయి, ఒకచోట పెచ్చులూడి. నా దగ్గరికే ఒచ్చింది. ఆకాశం నుంచి దిగి, షెడ్డు గేటు దగ్గర ఒంగుని నిలబడింది, ఇంటికి సుట్టం ఒచ్చినట్టు. నూకరాజూ, ముసిల్దాన్నైపోయినాను, ఏడు రంగులూ మళ్ళీ ఏసీ నాయనా అంది. కాదంటానా? రెండు కొక్కేలకి తగిలించినాను. భట్టీలో పట్టదు, ఒక కొస కట్నీ దాకా బయటే ఉండిపోనాది. కట్నీవోళ్ళు దాని మీద బట్టలారేసుకున్నారు. సరే, గన్ను తీసినాను. తీసి, ముందేటి చేసినానో తెల్సా?"

చేతులు రెండూ పైకెత్తి ఊపిరి పీల్చుకోడానికి ఆగాడు. మబ్బు వేపు చూస్తున్నారు పోలయ్యా గిరిబాబూ. సూర్యం చూడ్డం లేదు. అతని బొటనవేలు గాటులో ఆగి ఉంది.

"దాన్నైనా ముందు కడిగినావేట్రా?" అన్నాడు సూర్యం.

నూకరాజు చేతులు దిగిపోయాయి.

సూర్యం తన గ్లాసు పక్కకి జరిపి, ఒక బొబ్బ కింద గోరు పెట్టి లాగాడు. ఉడికిన దుంప తొక్కలా జానెడు పొర లేచి వచ్చింది. కింద అల్యూమినియం మీద నూనె చార ఇంకా మెరుస్తోంది.

"ఎప్పుడు సూసినావు మావా?"

"సోమారం. మొదటి గ్లాసు పెట్టినప్పుడే. నా చేత్తో కోసిన గాటు నాకు తెల్దేటి? నువ్వే సెప్తావు, సెప్తావని ఆరు రోజులు ఒచ్చి కూసున్నాను. అక్కడ మీ అత్త నా బుర్ర తినీస్తంది, ఇక్కడ నీ పిల్లులూ గేదెలూ."

నూకరాజు బెంచీ మీద కూలబడ్డాడు. మోసేవాడి నెత్తి మీంచి మూట దించినట్టు ఉంది. సిగ్గుగానూ ఉంది. "కడగనేదు మావా," అన్నాడు. "ఆదివారం షెడ్డులో ఎవరూ నేరు. గన్ను గోడకి యేలాడతంది. టాంకుల దగ్గరికెళ్ళి చేతులు ముంచితే మళ్ళీ కడిగీవోణ్ణే అయిపోతానేమో అనిపించింది. ఆ ఒక్క రోజూ కాకూడదనుకున్నాను. రోజూ వెయ్యి రేకులు కడిగీవోణ్ణి, నీది కడగనేదు."

"నువ్వు కడిగీవోడివని నాకు తెల్దనుకున్నావేటి?"

నూకరాజు తల ఎత్తాడు.

"తువ్వాల్లో దాస్తే దాగుతాయేట్రా ఆ చేతులు? ముప్పై నాలుగేళ్ళలో నాను రంగు పూసింది తక్కువ, గీకి కడిగింది ఎక్కువ. కడిగితేనే రంగు నిలబడతాది. పూయడం ఎవుడైనా పూస్తాడు. నీ చేతులు సూసే నీకిచ్చినాను పలకలు. తొమ్మిదేళ్ళు కడిగిన చెయ్యి, నా ఇంటి కాడికొచ్చీసరికి దొర అయిపోనాదేట్రా?"

నూకరాజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెవుల దగ్గర రాసుకున్న రంగుపొడి చెమటకి కారి చొక్కా కాలరు మీద గోధుమరంగు చార కట్టింది.

"ఎన్ని రోజులు పడతాదిప్పుడు?" అడిగాడు సూర్యం.

"ఎంత, ఓ అరగం..." అలవాటున నోరు తెరిచి, మూసేసుకున్నాడు నూకరాజు. "దీన్ని గీకడానికే రేపు రోజంతా పడతాది. మిగతా అయిదూ గోనె కిందున్నాయి, ముట్టుకోనేదు. ఆరూ కడిగి ఆరబెడతాను. గన్ను నాను పట్టను. పట్టీవోణ్ణి అడుగుతాను, బతిమాల్తాను. బుధవారం సాయంత్రానికి ఇస్తాను."

"నిజంగా?"

"నిజంగా. ఎండ కాస్తే." మబ్బు వేపు చూసి, "వానొస్తే గురువారం పొద్దున్న," అన్నాడు.

సూర్యం తలూపాడు. పలక మీద గ్లాసులు తీసెయ్యమని చేత్తో సైగ చేశాడు. అప్పుడే అప్పయమ్మ కొత్త టీ పోసింది, నాలుగు గ్లాసుల నిండా, పొగలు కక్కుతున్నాయి. పలక ఎత్తేస్తే ఆ డబ్బాల మీద ఏదీ నిలబడదు.

"మరి నా గ్లాసులెక్కడ పెట్టీది?" అంది అప్పయమ్మ.

నూకరాజు తువ్వాల్లోంచి చేతులు బయటికి తీసి, ముందుకి చాపాడు. పగుళ్ళన్నీ కనిపిస్తున్నాయి. పోలయ్య వాటి వేపు చూసి ఒక్క క్షణం తటపటాయించాడు గానీ ఊరుకోలేదు. "పొగలు కక్కే గ్లాసు పెడితే సల్లబడిపోద్దన్నావు కదేటి," అని తన గ్లాసు ఒక అరచేతిలో పెట్టాడు. గిరిబాబు "సారీ భయ్యా" అంటూ తనది పక్కన పెట్టాడు. రెండో అరచేతిలో మిగిలిన రెండూ అప్పయమ్మ పెట్టింది.

సూర్యం పలక భుజాన వేసుకుని రోడ్డు దాటి, షెడ్డు గేటుకి ఆనించి వచ్చాడు. వచ్చి నూకరాజు ఎదురుగా నిలబడ్డాడు. నూకరాజు చేతుల్లో టీ ఒలకడం లేదు.

"కాల్తందేట్రా?"

"కాల్తంది మావా," అన్నాడు నూకరాజు. ఎంత కాల్తందో మాత్రం చెప్పలేదు.