పళ్ల కత్తెర కోసిన మాత్రలు

నా పేరు, ఇంటి నంబరు స్టేషను రైటరు గారు పైన రాసుకున్నారు. వయసు నలభై నాలుగు. చొక్కాల ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే పని. మూడో తరగతి దాకా చదివాను. ఇవాళ శుక్రవారం. కొంచెం త్వరగా రాయండి సార్. మధ్యాహ్నం మూడింటికి సాన పట్టేవాడు ఫ్యాక్టరీకి వస్తాడు. ఎందుకు తొందరో చెబుతాను.

చనిపోయింది నా కూతురు. పందొమ్మిదేళ్లు. ఒకచోట కుదురుగా కూర్చోదని ఫ్యాక్టరీలో అందరూ పిచ్చుక అనేవాళ్లు. చొక్కాలకు చేతులు అతికించే మిషను మీద పనిచేసేది. అది కుట్టిన కట్టలు నా బల్ల మీదికే వచ్చేవి. కుట్టు దగ్గర మిగిలిన దారాలు నేను కత్తిరించేదాన్ని. రోజంతా మాట్లాడుకోకపోయినా కుట్టు చూస్తే దాని ఒంట్లో ఎలా ఉందో నాకు తెలిసేది.

ఆ లైనుకు సూపర్‌వైజరు ఒకామె. నాకంటే చిన్నదే అయినా అందరం లైన్ అక్క అనే అంటాం. పోయిన వానాకాలంలో నా కూతురు నెల నొప్పితో మాటిమాటికీ లేస్తుంటే ఆమె సొరుగులోంచి ఒక మాత్ర తీసి ఇచ్చింది. "ఇది మింగి కూర్చో తల్లీ. నీకు నొప్పి తగ్గుతుంది, నాకు తలనొప్పి తగ్గుతుంది" అంది. అందరూ నవ్వారు.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే నా కూతురు "భలే మాత్రే అమ్మా. నడుమనేది ఉందో లేదో తెలియలేదు" అంది.

"ఏం మాత్రే అది?"

"తెల్లది."

"తెల్లగా ఉన్నదల్లా మందైతే సున్నం కూడా మింగు."

"నీ నోటికి మాత్రం ఏ మాత్రా లేదులే" అని నవ్వింది.

తర్వాత లైన్ అక్క నొప్పి ఉన్నా లేకపోయినా లైనులో పిల్లలకు ఇచ్చేది, లేవకుండా కుడతారని. పిచ్చుక నిజంగానే కూర్చుండిపోయింది. పొద్దుటి కట్టల్లో కుట్టు గీత గీసినట్టు ఉండేది. మాత్ర పడ్డాక వచ్చిన కట్టల్లో పక్కకు వాలేది. ముక్కు ఎర్రబడేదాకా గోక్కునేది. సెలవు రోజున మాత్ర లేక ఆవులింతలు, చెమటలు, కాళ్లు లాగడం. మానెయ్యవే అంటే "ఈ ఆర్డరు అయిపోనీ అమ్మా" అనేది. లైన్ అక్కను అడిగితే "జ్వరం మాత్రలాంటిదే అత్తా, నా పిల్లలకైనా ఇస్తాను" అంది. ఆమెకు పిల్లల్లేరు.

మంగళవారం లారీకి సరుకు ఎక్కించాలని తొందర. ఆ రోజు లైన్ అక్క నా కూతురికి రెండు మాత్రలు ఇచ్చిందట. నేను చూడలేదు. పక్క మిషను మీద కాజాలు కుట్టే పిల్ల చూసింది. భోజనాలయ్యాక వచ్చిన కట్టలో పై చొక్కా తీశాను. కుట్టు చంక దాకా బాగానే వచ్చి, గుడ్డ దాటి వెళ్లిపోయింది. గుడ్డ లేనిచోట ఉత్తి దారం. కత్తిరించబోయి ఆగాను. చూస్తే నా కూతురు మిషను మీద తల వాల్చి ఉంది. గురక వినిపిస్తోంది. "టీ గంట కొట్టేదాకా పడుకోనివ్వు అత్తా" అంది లైన్ అక్క. నా కూతురికి గురక లేదు. పుట్టినప్పటి నుంచీ లేదు. నేను దగ్గరికి వెళ్లేసరికి ఆగిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. గురక లేదు సార్ దానికి.

ఆటోలో లైన్ అక్క కూడా వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు గారు కనురెప్పలెత్తి చూసి "ఏ మాత్ర వేసుకుంది? త్వరగా చెప్పండి" అన్నారు. తెల్లది అన్నాను. నాకు తెలిసింది అంతే. లైన్ అక్క "పొద్దున్న ఏమీ తినలేదేమో డాక్టరు గారూ, కళ్లు తిరిగాయి" అంది. వాళ్లు సూది వేశారు, ఛాతీ నొక్కారు. ఆ తర్వాత డాక్టరు గారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. అది పెద్ద ఆపరేషన్లు అయినవాళ్లకు, ఊపిరి కనిపెట్టుకుంటూ ఇచ్చే నొప్పి మందట. ఎక్కువైతే ఊపిరి తీసుకోవడం ఒళ్లు మరిచిపోతుందట. ఆ గురక నిద్రది కాదట, ఊపిరి అందని చప్పుడట. దానికి విరుగుడు ఉందట. కాస్త ముందు తెచ్చి ఉంటే పనిచేసేదట. టీ గంట దాకా అంది సార్ ఆమె. టీ గంట దాకా.

నా కూతురే మాత్రలు బయటి నుంచి తెచ్చుకునేదని మేనేజరు గారు మీకు రాసిచ్చారట. అబద్ధం. నా కూతురి బాబిన్ల డబ్బా మీ బల్ల మీద పెట్టాను. అందులో ఖాళీ మాత్రల రేకు ముక్కలున్నాయి. లైన్ అక్క మందు పేరున్న చోటు కోసేసి ఇచ్చేది. అంచులు చూడండి, రంపం పళ్లలా ఉన్నాయి. అది పళ్ల కత్తెర కోత. శాంపిలు గుడ్డల అంచు పీచు లేవకుండా దానితో కోస్తారు. మా ఫ్లోరు మొత్తానికి ఒకటే. లైన్ అక్క సొరుగుకు తాడుతో కట్టి ఉంటుంది.

మామూలు కత్తెర ఉండగా దానితో ఎందుకు కోస్తుందని మీరు అడిగారు. గుడ్డ కత్తెరతో మేం కాగితం కూడా కోయం సార్, పదును పోతుంది. పని నేర్పేటప్పుడే చేతి మీద కొట్టి నేర్పుతారు. పళ్ల కత్తెర ఎప్పుడో మొద్దుబారింది కాబట్టి రేకులు దానితో కోసింది. కత్తెర పదును గురించి అంత జాగ్రత్త పడింది.

ఆ పళ్ల సందుల్లో రేకు పొడి ఉంటుంది, సాన పడితే పోతుంది. ఎన్నడూ సానకివ్వని ఆ కత్తెరను కూడా లైన్ అక్క ఇవాళ సానకు తీసి పెట్టిందని కాజాల పిల్ల పొద్దున్న గేటు దగ్గర చెప్పింది. "నువ్వింకా ఆ మాత్రలు వేసుకుంటున్నావటే?" అన్నాను. తల వంచుకుని ముక్కు గోక్కుంది. ఇవాళ ఆ పిల్లను నా కూతురి మిషను మీద కూర్చోబెట్టారు. ముందు ఆ పిల్లను అక్కడి నుంచి లేపండి. ఆ తర్వాతే కత్తెర తీసుకోండి.

పై సంగతుల్లో నేను చూసినవి చూసినట్టు, విన్నవి విన్నట్టు చెప్పాను. నాతో ఎవరూ చెప్పించలేదు. రైటరు గారు చదివి వినిపించారు. "మత్తుమాత్రలకు అలవాటు పడిన యువతి" అని ఒకచోట ఉంటే ఆ మాటలు కొట్టేయించి "కుట్టుపని చేసే యువతి" అని రాయించాను. కొట్టివేత పక్కన ఒకటి, ఇక్కడ ఒకటి వేలిముద్ర వేస్తున్నాను. రెండు కావస్తోంది. లేవండి సార్.

(ఎడమచేతి బొటనవేలి ముద్ర)