ఒళ్ళు చల్లబడ్డ ఎలుక మీద పిడుదు ఉండదు

అయ్యలారా, అమ్మలారా, ముందు వరసలో కూర్చున్న ఎలుకలమ్మ తల్లిగారూ! ఎలుకలమ్మ పోయింది. మీకు ఆవిడ పెద్ద పరిశోధకురాలు, మేడమ్. మేకలు కాసే మాకు ఎలుకలమ్మ. ఆ పేరు విని ఆవిడే పకపకా నవ్వింది, కాబట్టి ఇప్పుడు మార్చను.

నాకు మేకల్ని అదిలించడం వచ్చు గానీ సభలో మాట్లాడ్డం రాదు. పాముని కర్రతో ఎత్తి అవతల పారేసినవాణ్ణి. అలాంటి నాకు ఇవాళ భయమేస్తోంది. అందుకే మైకు అడిగి మరీ పుచ్చుకున్నాను.

మొదటిసారి చూసినప్పుడు తుప్పల మీద తెల్లదుప్పటి ఈడ్చుకుంటూ పోతోంది. "ఏమ్మా, నేలకి చలేస్తోందా?" అని ఎగతాళి చేశాను. దుప్పటి తిరగేసి చూపించింది. ఆవాలు చల్లినట్టుంది. చూస్తుండగానే ఆ ఆవాలు నడిచాయి. పిడుదులు, నెత్తురు తాగే పురుగులు! రోజూ మధ్యాహ్నం నేను కునుకు తీసే చోటది.

ఇంకోసారి తన పనిగదికి రమ్మంది. బోనులో బొటనవేలంత చిట్టెలుక, దాని చెవుల నిండా పిడుదులు. "తాతా, ఈ ఎలుక పిడుదుల్లో ఒక రకం బాక్టీరియా, చుంచు మీది పిడుదుల్లో ఇంకో రకం. ఒక్కోసారి ఒక్క పిడుదులోనే రెండు మూడు రకాలు కాపురం పెడతాయి. కొన్నింటికి ఇంకా పేర్లే లేవు" అంది. పేర్లే లేవట! పులికి పేరుంది, పాముకి పేరుంది. పేరు లేనిదాన్ని ఏమని తిట్టాలి? దానికి మందేదని ఎవర్ని అడగాలి?

తుప్పల్లోంచి వచ్చాక మంచినీళ్ళు కూడా ముట్టనిచ్చేది కాదు. ముందు ఒకరి చెవి వెనక ఒకరు చూడాలి, మెడ మీద జుట్టు పాయలు తీసి మరీ చూడాలి. మంత్రి అయినా సరే, మేకలవాడైనా సరే. నా చెవి మా ఆవిడ కూడా ఎప్పుడూ పట్టుకోలేదు. ఎలుకలమ్మ పట్టుకుంది, వంచి కూర్చోబెట్టి పట్టకారుతో మెల్లగా ఒకటి లాగింది. "ఎవరి వీపు వాళ్ళకి కనపడదు తాతా" అంది.

జ్వరం రాకముందు ఒక ఆదివారం, తోడు వెళ్ళేవాళ్ళకి సెలవు. తుప్పల్లో పెట్టిన బోనుల్లో పడ్డ ఎలుకలు ఆకలికి చస్తాయని ఒక్కతే వెళ్ళింది, ఒక్కతే తిరిగొచ్చింది. చెవి వెనక ఎవరు చూస్తారు? జ్వరం తగిలితే, అందరికీ వస్తున్న జలుబు జ్వరమే అనుకుంది. అంత తెలిసిన మనిషి! ఆసుపత్రిలో నర్సమ్మ తల దువ్వుతుంటే దొరికింది పిడుదు, చెవి వెనక, నల్లగా ఉబ్బి. మందులు పడ్డాయి. ఆలస్యమైందో, ఆ మందుకి లొంగని రకమో. ఆవిణ్ణి మింగినదేదో ఇంకా తేలలేదు. అది ఇంకా ఆ తుప్పల్లోనే ఉంది.

ఇప్పుడు అసలు మాట. రేపు పొద్దున తుప్పలన్నిట్లో ఎలుకలమందు పెట్టాలని మీలో కొందరు డబ్బాలు తెచ్చి బయట వరండాలో పెట్టారు. చూశాను. కడుపుమంట నాకు లేదా? కానీ ఆవిడేమంది? "ఎలుక ఒళ్ళు చల్లబడితే పిడుదు కొంప మారుస్తుంది" అంది. ఉన్న ఎలుకలన్నీ ఒక్కసారే చల్లబడితే ఆ పిడుదులు ఎటు పాకుతాయి? తుప్పల పక్కన ఏముంది? బడి కాదూ? వెచ్చటి ఒళ్ళు ఎవరివి? మన పిల్లలవి కావూ? డబ్బాలు తిరిగిచ్చెయ్యండి. లేదంటారా, ఆ వరండాలో అడ్డంగా పడుకుంటా. నన్ను దాటి వెళ్ళండి చూద్దాం.

ఇక లేవండి. అందరూ లేవండి, ఆవిడ కోసం ఒక్క నిమిషం మౌనం. ఊరికే తల దించుకుని నిలబడితే ఆవిడ ఊరుకోదు. పక్కవాళ్ళ చెవి వెనక చూడండి. ఆ ఆదివారం ఆవిడకి ఎవరూ చెయ్యలేకపోయింది ఇవాళ ఒకరికొకరు చెయ్యండి.

నా దగ్గరికీ ఎవరైనా రండి. పొద్దున్నించీ చెవి వెనక ఏదో చేతికి తగులుతోంది. చూపించుకోడానికి ఆవిడ లేదు.