వేడెక్కితేగానీ పట్టని ప్యాడ్లు

(బ్రేకు పనులు మాత్రమే చేసే ఒక షెడ్డు. జాకీల మీద ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, ముందు చక్రాలు ఊడదీసి ఉన్నాయి. షెడ్డు మేనమామది, కారు మేనల్లుడిది.)

“అవి కాదు మామయ్యా. అవి మామూలువి.”

“మామూలువేంట్రా? సెరామిక్ బ్రేకు ప్యాడ్లు. చప్పుడుండదు, చక్రాలకి నల్లపొడి పట్టదు. నీ బండికి అచ్చంగా సరిపోతాయి.”

“చప్పుడు లేకపోతే ఎలా? స్పోర్ట్స్ కారు మామయ్యా అది!”

“కీచుమంటే స్పోర్ట్స్ కారా? అయితే ఈ వీధిలోకొచ్చే చెత్తబండి కూడా స్పోర్ట్స్ కారే.”

“నీతో చెప్పలేను బాబూ. ఇంకేమున్నాయి?”

“ఇదిగో, లోహప్పొడి కలిపినవి. బ్రేకు గట్టిగా పడుతుంది. కాస్త మూలుగుతాయి. చప్పుడు కావాలన్నావుగా.”

“డిస్కులు అరిగిపోతాయి.”

“ఎప్పటికో.”

“అరుగుతాయిగా మరి! నాకు రేసింగ్ ప్యాడ్లు కావాలి. పసుప్పచ్చవి.”

“బ్రేకులు కొంటున్నావా, చొక్కా కొంటున్నావా?”

“చక్రం సందుల్లోంచి కనిపిస్తాయి మామయ్యా.”

“కనిపిస్తాయి సరే, అవి వేడెక్కితేగానీ పట్టవురా. పొద్దున్నే బయల్దేరి మొదటి సిగ్నల్ దగ్గర తొక్కావనుకో, ముందువాడి డిక్కీలో తేలతావు.”

“నేను నడిపే స్పీడుకి మా గేటు దాటేలోపే వేడెక్కుతాయి.”

“అబ్బో! సరే, పై అరలో ఒక సెట్టుంది. దించనా?”

“...ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“నీ దగ్గరా?”

“నా దగ్గరే. గంటలో బిగించేస్తా. మీ అత్తయ్య వచ్చి ఒక రౌండు తిప్పి చూస్తుంది, పట్టుకెళ్ళిపోవచ్చు.”

“అది... అది కాదులే మామయ్యా. ఆ కంపెనీవి వద్దు. ఇంకో కంపెనీవి ఉంటాయి చూడు, ఓడలో రావాలి, అవి. ఎన్నాళ్ళు పడుతుంది?”

“మూడు వారాలు.”

“హమ్మయ్య! అదే... అమ్మో, మూడు వారాలా! ఏం చేస్తాం, మంచి సరుకు కావాలంటే ఓపిక పట్టాలి. ఆదివారానికి అందవన్నమాట.”

“ఆదివారం ఏముంది?”

“ఏం లేదు. మా కార్ల క్లబ్బు వాళ్ళు కొండ రోడ్డు ఎక్కి దిగుతారు. నలభై కార్లు. అందరికంటే ముందు నన్ను నడపమన్నారు.”

“నిన్నా?”

“అలా అంటావేంటి? గ్రూపులో బ్రేకుల మీద ఎవరికే అనుమానం వచ్చినా నన్నే అడుగుతారు. నా మాట మీద ఎంతమంది ప్యాడ్లు మార్చారో తెలుసా? అక్కడ నన్ను గురువుగారంటారు.”

“అయితే గురువుగారూ, ఒకటడుగుతా. తమరి ఎత్తెంత?”

“ఆరడుగులు. దానికీ బ్రేకులకీ ఏం సంబంధం?”

“డ్రైవరు సీటు స్టీరింగుకి అతుక్కుని ఉంది. మోకాళ్ళు ఇంట్లో పెట్టి వస్తావా?”

“అది... రేసు వాళ్ళు అలాగే కూర్చుంటారు. దగ్గరగా ఉంటే పట్టు బాగుంటుంది.”

“సీట్లో ఆ పూల దిండు? అదీ రేసు వాళ్ళదేనా?”

“నడుం నొప్పి మామయ్యా.”

“పోనీ, పాత ప్యాడ్లు చూడు. బండి కొని రెండేళ్ళు. సగం కూడా అరగలేదు. ఎవరు తొక్కారో గానీ ఎంత ఒద్దికగా తొక్కారో! మార్చాల్సిన పనే లేదు. అరిగింది వేరే ఉంది. ఇదిగో.”

“ఏంటది?”

“పక్క సీటు ముందు పరిచే మ్యాటు. కుడికాలు పెట్టే చోట చిల్లు పడింది. కింద రేకు కూడా సొట్టపోయింది.”

“...మెల్లగా మాట్లాడు మామయ్యా.”

“నీకు నడపడం రాదట్రా?”

“వచ్చు! లైసెన్సుంది. నడిపాను కూడా.”

“ఎప్పుడు?”

“కొన్న రోజున. షోరూంలోంచి... వాళ్ళ గేటు దాకా. అక్కడే భయమేసి దిగిపోయాను మామయ్యా. అప్పట్నుంచి మా ఆవిడే నడుపుతోంది. నేను పక్కన కూర్చుని చెబుతుంటాను.”

“చెబుతుంటావా, తొక్కుతుంటావా?”

“రెండూను. నవ్వకు! ఆదివారం నలభై మంది ముందు నా పరువు పోతుంది. ప్యాడ్లు రావడానికి మూడు వారాలని ఒక చీటీ రాసివ్వు. బండి నీ షెడ్డులోనే ఉంచుకో. నీకు దణ్ణం పెడతా.”

“ఏవండీ, అయిందా? బాబాయ్‌గారూ, ఆ పాత ప్యాడ్లే బిగించెయ్యండి. బ్రేకు బాగానే పడుతోందిగా.”

“నువ్వెప్పుడొచ్చావే?”

“మ్యాటు మాట వచ్చినప్పుడే. కంగారుపడకండి. ఆదివారం బండి నేను నడుపుతున్నానని మీ క్లబ్బు వాళ్ళకి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశాను.”

“చెప్పేశావా! నా కొంప ముంచావు. ఏమన్నారు?”

“అంత గురువుగారికి ఒక డ్రైవరు ఉండకపోతే ఎలా అన్నారు.”

“...అన్నారా? నిజంగా అలాగే అన్నారా?”

“నిజంగానే. రెండేళ్ళుగా ఆఫీసుకీ కూరగాయలకీ తిప్పి తిప్పి విసుగొచ్చిందండీ. ఆ మలుపుల్లో ఈ బండి ఎలా పరుగెడుతుందో చూడాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది.”

“మలుపుల్లోనా... పరుగా... మామయ్యా, పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు పెడతావా? డ్రైవింగు స్కూలు బళ్ళకుంటుంది చూడు, అలాంటిది.”

“చూశారా బాబాయ్‌గారూ! నా మీద ఇంత నమ్మకం ఈయనకి!”

“కోప్పడకమ్మాయ్. పెడతాను లేరా. మీ అత్తయ్య కార్లో నా కాలి దగ్గర పదకొండేళ్ళ కిందటే ఒకటి పెట్టుకున్నాను. దాన్ని దేనికీ కలపలేదు. రోజూ తొక్కుతూనే ఉన్నా, ఇంతవరకూ ఒక్కసారి కూడా ఫెయిలవ్వలేదు.”