ఇసుకలో నేర్చిన ఆట

హాకీ మ్యాచ్ అయిపోయి జట్టంతా గదులకు వెళ్లిపోయినా, ఆమె మాత్రం నాగపూర్ మైదానం పక్కన బెంచీ మీదే కూర్చుని, సిరోంచలో ఉన్న అన్నకు ఫోన్ చేసింది.

"ఇయ్యాలన్న ఆడిచ్చిండా మీ సారు?"

"ఆఖరి ఐదు నిమిషాలే, అన్నా. బంతి దొరికితే ఎవ్వరికీ ఇయ్యనని నా మీద నమ్మకం లేదంటడు."

"అబద్ధమా మరి? ఎందుకియ్యవే?"

"మన ప్రాణహిత ఇసుకల పాస్ ఇస్తే బంతి ఆడ్నే కూరుకపోతుండె గదా. కర్రకు అంటిపెట్టుకొనే ఉరుకుమని నువ్వే నేర్పినవ్. గీ నున్నటి గ్రౌండ్ల సుత గదే అలవాటొస్తున్నది."

"తప్పు నాదే చెల్లె. ఇయ్యాల గూడ గట్లనే చేసినవా?"

"లే. గోల్ ముంగటిదాక ఉరికి, పక్క పిల్లకు ఇచ్చిన. ఆమె కొట్టింది. గెలిచినం."

"అరె, మరి ఏడుస్తున్నవేంది?"

"అందరు ఉరికొచ్చి ఆమెను ఎత్తుకున్నరు. నేను కర్ర పట్టుకొని ఆడ్నే నిలబడ్డ."



"మన ఇసుకల నువ్వు గోల్ కొడితే ఎత్తుకునెటందుకు ఎవరున్నరే? మనమిద్దరమే గదా."

"నువ్వుంటివి గదన్నా."