వాన రోజు వచ్చిన తొమ్మిది మంది

మెదక్‌లో ఉండే మా పెద్దమ్మ చాలా ఏండ్లు సర్కారు బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పింది. పుణెలో మా పాప బడివాళ్లు "చదవడం రాలేదు, మళ్లీ రెండో తరగతిలోనే ఉంచుదాం" అన్న రోజు ఆమెకే ఫోన్ చేశాను. "క్లాసుల యాభై మంది పెద్దమ్మా. బడి మార్పియ్యాల్నా? నీ బడిల ఎట్లుండేది?" అని అడిగాను.

యాభై మందా? నాకు అరవై మంది ఉంటుండె బిడ్డా. ఒకటో తరగతి, రెండో తరగతి ఒక్కటే అర్రల. శంకరంపేట దిక్కు ఊరు, పొద్దుగాల బస్సుకు పోతుంటి. బలపాల డబ్బ గప్పుడు రూపాయికొస్తుండె, నేనే కొనుకపోతుంటి... ఏం చెప్తున్న? ఆఁ, అరవై మంది.

గంత మందికి ఎట్ల చెప్తవ్ చెప్పు? నేనొక మాట అంటే అందరు కలిసి గట్టిగ అంటుండిరి. బడి దద్దరిల్లుతుండె. మా పెద్దసారుకు గదే ఇష్టం. "టీచరమ్మ క్లాసు రోడ్డు దాక ఇనవడ్తది" అని మెచ్చుకుంటుండె. నేను గూడ మురిసిపోయిన, నాకు మస్తు చెప్పొస్తదని.

అండ్ల భూలక్ష్మి అని ఒక పిల్ల, రెండో తరగతి. పొడుగు జడలు... కాదు కాదు, జడలు వాళ్లక్కకు, ఈమెకు కత్తిరిచ్చిన ఎంటికలు. నడిమి వరుసల కూసుంటుండె. అందరితోని గట్టిగ సదువుతుండె, పుస్తకం మీద ఏలు గూడ నడుస్తుండె. "మంచిగ సదువుతది" అనే రిజిస్టరుల రాసిన నేను.

ఒకరోజు పొద్దటి సంది వాన. వాగు దాటొచ్చెటోళ్లు రానేలేదు. తొమ్మిదే మంది. దగ్గర కూసోవెట్టుకొని ఒక్కొక్కలతోని సదివిచ్చిన. భూలక్ష్మి పాఠమంత ఒక్క తప్పు లేకుంట సదివింది. నాకు సంబురమై, "మరి గిదేం పదం బిడ్డా?" అని ఊకెనే నడుమ ఏలు వెట్టిన. చూసింది. మెల్లగ పెదవులు కదిలిచ్చుకుంట, మొదటి మాట సంది ఒక్కొక్క మాట మీద ఏలు జరుపుకుంట వచ్చి, గాడ ఆగి "కుందేలు" అన్నది. ఇంకో పదం మీద వెట్టిన. మళ్ల మొదటి సంది.

పాఠమంత నోటికొచ్చు, గంతే. పిల్లకు ఒక్క అచ్చరం రాదు! తెలివి లేక గాదు, గంత తెలివుండవట్టే నాకు తెల్వనియ్యలే. "ఎన్నిరోజుల సంది గిట్ల?" అంటే, కొడ్తనేమోనని బుగులువడి, "అందరం గిట్లనే గదా టీచర్" అన్నది.

తెల్లారి మిగిలినోళ్లను గూడ గట్లనే నడుమ ఏలు వెట్టి అడిగిన. గసొంటోళ్లు ఇంక మస్తు మంది బయటపడ్డరు.

ఇగ కలిసి అనుడు బందువెట్టిన. అందరికి పలకల మీద పనిచ్చి, సగం మందిని వరండల కూసోవెడ్తుంటి. ఎనిమిది మందిని దగ్గరికి పిలిచి, ఒక్కొక్కల గొంతు ఇంటుంటి. పెద్దసారొచ్చి, "ఏంది టీచరమ్మా, సప్పుడే లేదు, అందరు పండుకున్నరా?" అన్నడు. "లేదు సార్, ఇంటున్న" అన్న. "టీచర్ ఇనుడేంది, పిల్లలు ఇనాలె గని!" అని నవ్విండు. నవ్వనీ అనుకున్న.

దసరా దాటినంక సదువుడొచ్చింది భూలక్ష్మికి. ఒకనాడు తనే పుస్తకం నా ముందట వెట్టి, తనే నడుమ ఏలు వెట్టి, "గిదేంది, నువ్వు చెప్పు టీచర్" అన్నది. నన్నే అడుగుతుంది సూడు!

గని అంతకు ముందట నా చేతుల మీదుగ మూడో తరగతికి పోయినోళ్లు ఉన్నరు గదా. గాళ్లల్ల ఎందరికి రాకుండెనో. వాళ్ల గొంతు ఎట్లుంటదో గూడ నాకు తెల్వదు బిడ్డా... సరే తియ్యి.

నువ్వు పరేషాన్ గాకు. బడి మార్పిస్తే గాడ గూడ యాభై మందే ఉండొచ్చు. టీచర్ మీదికి కొట్లాటకు పోకు, ఆమె గూడ నా లెక్కనే. "మా పాప ఒక్కతే సదువుతుంటే ఎన్నడన్న ఇన్నరా అమ్మా" అని నిమ్మళంగ అడుగు. ఇనకుంట మాత్రం రెండో తరగతిల ఆపొద్దని చెప్పు. నువ్వు రోజు హోంవర్క్ చేపిస్తవ్ గదా, అన్ని అప్పజెప్పిచ్చుకుంటవ్. పాప ఒక్కతే సదువుతుంటే నువ్వు ఇన్నవా ఎన్నడన్న?



అయ్యో, ఏడ్వకు పిచ్చిదానా. గిట్ల ఇనాలెనని నీకు ఎవలు చెప్పిండ్రు గనుక? పాపకియ్యి ఫోను.

ఏం తల్లీ, మంచిగున్నవా? పుస్తకం తెచ్చుకో. ఇంగ్లీషా? ఇంగ్లీషైన మంచిదే. నీకు యాడ ఇష్టముంటే గక్కడి సంది సదువు. తప్పు వోతె ఏం గాదు, నాకేం తొందర లేదు. ఊఁ... ఊఁ... నూరేండ్లు సల్లగుండు నా తల్లి... ఆగినవేంది? సదువు, ఇంటున్న...