పుట్టినరోజు పన్సిత్‌కి కత్తెరా?

చైనావాళ్ల పేట బినోందోలో పెద్దావిడ ఎనభయ్యో పుట్టినరోజు విందు. చైనా పిల్ల కాదని ఆవిడ కాదన్న ఫిలిపినో అమ్మాయినే మనవడు తెచ్చి ఆవిడ పక్కన కూర్చోబెట్టాడు.

"నా చేతిలో కత్తెర ఎందుకు లాక్కున్నావు?"

"పుట్టినరోజు పన్సిత్‌ని ఎవరైనా కత్తిరిస్తారా, పెద్దమ్మగారూ? నూడుల్స్ తెగితే ఆయుష్షు తెగినట్టే."

"కట్టుడుపళ్లతో తిను, తెలుస్తుంది. పళ్లూడినప్పటి నుంచీ ఇలాగే తింటున్నాను. నీకెవరు చెప్పారిది?"

"ఒకరు చెప్పేదేముంది? మలబోన్‌లో మా ఇంట్లో పుట్టినరోజు వస్తే ముందు కత్తెర దాచేస్తారు."

"అది మా చైనావాళ్ల ఆచారం."

"ఆ మాట మా అమ్మమ్మ ముందు అనకండి, కొడుతుంది. వాళ్ల ముత్తవ్వ నాటి నుంచీ అది మాదే. ఇదిగో, నేను పైకెత్తి పట్టుకుంటాను, మీరు మెల్లగా జుర్రుకోండి."

"ఊఁ. బాగానే జారింది."

"ఇంకాస్త?"

"పెట్టు. ఒరేయ్ మనవడా, ఇటు రా. ఇన్నేళ్లూ నా ఆయుష్షు నేనే కత్తిరించుకుంటుంటే, నా రక్తం పంచుకున్నవాళ్లంతా చుట్టూ కూర్చుని చూస్తూ తిన్నారు. అడ్డుపడింది ఈ పిల్లొక్కతే. పెళ్లెప్పుడో చెప్పు."

"పెద్దమ్మగారూ..."

"నాన్నమ్మా అను. ఆ కత్తెర మాత్రం నాకివ్వకు."